మీ వీధి పనికి కార్పొరేషన్ నిధులు తెచ్చుకోవడం ఎలా? విజయనగరం, శ్రీకాకుళం కాలనీల వాళ్ల కోసం

కాలనీ సంఘాల వాళ్లు ఎక్కడ కలిసినా ఇదే అడుగుతున్నారు. "మా లేఅవుట్‌లో పార్కు జాగా పిచ్చిమొక్కలు పట్టి పడుంది, బాగుచేయించాలంటే ఎవర్ని పట్టుకోవాలి?" "కాలువ గురించి ఎన్ని అర్జీలు ఇచ్చామో లెక్కే లేదు, ఇంకేటి చెయ్యమంటారు?" అందరికీ విడివిడిగా చెప్పలేక ఒక్కచోట రాసేస్తున్నాను. విజయనగరం కార్పొరేషన్‌ని మనసులో పెట్టుకుని రాసినా శ్రీకాకుళం వాళ్లకీ దాదాపు ఇదే దారి, తేడా ఉన్నచోట చెబుతాను.

కొన్ని నగరాల్లో కార్పొరేషనే ఫారాలు ఇచ్చి "మీ వార్డుకి ఏం కావాలో రాయండి, బడ్జెట్‌లో పెడతాం" అని జనాన్ని పిలుస్తుంది. పుణెలో 2006 నుంచి ఈ పద్ధతి ఉంది. మన దగ్గర ఎవరో ఫారం తెచ్చి చేతిలో పెడతారని కూర్చుంటే అవదు, మనమే అన్నీ తయారుచేసుకుని వెళ్లాలి. వార్డు కమిటీలు ఉండాలి కదా అని కొందరు అడుగుతారు. రాజ్యాంగంలోని 243-ఎస్ ప్రకారం అవి తప్పనిసరి అయ్యేది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకి. 2011 లెక్కల్లో విజయనగరం జనాభా రెండు లక్షల ముప్పై వేలు కూడా లేదు, శ్రీకాకుళం అంతకంటే చిన్నది. కాబట్టి వాటి కోసం ఎదురుచూడకండి.

ఇంకో సంగతి. అందరూ "ఎవర్ని కలవాలి" అనే అడుగుతారు గానీ ఫైలు ఆగేది మనిషి దగ్గర కంటే మూడు ప్రశ్నల దగ్గర. ఆ జాగా ఎవరిది? డబ్బు ఏ పద్దులోంచి? పని అయ్యాక దాన్ని చూసుకునేది ఎవరు? ఈ మూడింటికీ కాగితం చూపించగలిగితే పెద్దగా పలుకుబడి లేని వీధి కూడా పని చేయించుకోగలదు. చూపించలేకపోతే ఎంత పెద్దాయన సిఫార్సు ఉత్తరం తెచ్చినా ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారి బల్ల మీద ఆ ఫైలు అలాగే ఉంటుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- మీ వార్డు సచివాలయం ఎక్కడో, అక్కడ ఎమినిటీస్ సెక్రటరీ ఎవరో. రోడ్లు, కాలువలు, నీళ్లు, లైట్లు ఆయన చూసే పనులే. చెత్త, పారిశుద్ధ్యం అయితే శానిటేషన్ సెక్రటరీ, స్థలం గొడవ అయితే ప్లానింగ్ సెక్రటరీ.
- పని జరగాల్సిన చోటి ఫొటోలు, తేదీ, లొకేషన్ పడేలా తీసినవి. కాలువ పనికి వాన పడుతున్నప్పుడు తీసిన ఫొటోలే పనికొస్తాయి. ఎండాకాలంలో తీసిన కాలువ ఫొటో చూస్తే "బాగానే ఉంది కదా" అంటారు.
- టేపు, నోటుపుస్తకం.
- వీధిలో ఇళ్ల జాబితా: డోరు నంబరు, పేరు, ఫోను, సంతకానికి ఖాళీ.
- ఇంటిపన్ను రసీదులు. చట్టప్రకారం పన్ను బకాయికీ కాలువకీ లంకె ఏమీ లేదు, అయినా మీరు మాట్లాడుతుండగా ఎవరో ఒకరు కంప్యూటర్లో చూసి "మీ వీధిలో సగం బకాయిలే ఉన్నాయి" అన్నారంటే అక్కడితో మీ గొంతు తగ్గిపోతుంది. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్‌లోనే కట్టేస్తే 5 శాతం రాయితీ వస్తుంది, ఆ నెలలోనే కట్టించేయండి.
- రిజిస్టరు చేసిన సంఘం ఉంటే మంచిది, లేకపోయినా అర్జీ ఇవ్వొచ్చు. సొసైటీ రిజిస్టరు చేసుకోవాలంటే 2001 నాటి చట్టం ప్రకారం కనీసం ఏడుగురు కావాలి. కంపెనీల దగ్గర డబ్బు అడగాలనుకుంటే మాత్రం సంఘం లేకుండా అవదు.

1. ఒక్క పని ఎంచుకోండి

అర్జీలో కాలువ, లైట్లు, కోతులు, కుక్కలు, తాగునీరు, స్పీడ్ బ్రేకరు అన్నీ కలిపి రాస్తారు. అలాంటి అర్జీ ఏ సెక్షన్‌కి పంపాలో ఇన్‌వర్డ్‌లో (అర్జీలు తీసుకుని నంబరు వేసే చోట) కూర్చున్న మనిషికే తెలియదు. చివరికి అది శానిటేషన్‌కి వెళ్తుంది, వాళ్లు కుక్కల గురించి జవాబు రాసి ఫైలు మూసేస్తారు.

ఒక అర్జీలో ఒక పనే ఉండాలి. ఏది ముందో తేల్చుకోడానికి ఒక ఆదివారం సాయంత్రం వీధిలో వాళ్లని కూర్చోబెట్టండి. మగవాళ్లు మాత్రమే వస్తే అందరూ రోడ్డు అంటారు. ఆడవాళ్లు ఉంటే నీళ్లో, కాలువో, లైటో అన్న మాట బయటికొస్తుంది, ఎక్కువసార్లు అదే అసలు అవసరం. పొదుపు సంఘాలు ఉన్న వీధుల్లో మెప్మా ఆర్పీకి (ఆ సంఘాల్ని చూసుకునే రిసోర్స్ పర్సన్‌కి) ముందే చెప్పండి, మనం నాలుగు రోజులు తిరిగినా రాని జనం ఆవిడ ఒక్క మాటతో వస్తారు.

2. జాగా ఎవరిదో తేల్చుకోండి

ఎక్కువ ఫైళ్లు చచ్చిపోయేది ఇక్కడే.

రోడ్డు అయితే అది కార్పొరేషన్‌దా, ఆర్ అండ్ బీదా, జాతీయ రహదారిదా? రైల్వే గేటు, పట్టాల పక్కన అయితే రైల్వే వాళ్లదా? విజయనగరం జంక్షన్ ఊరు కావడం వల్ల ఈ చివరి చిక్కు చాలా వీధులకి ఉంది. చెరువు గట్టయితే జలవనరుల శాఖ ఉంటుంది, గుడి పక్క ఖాళీ అయితే దేవాదాయ శాఖ ఉంటుంది. వేరే శాఖ జాగాలో ఆ శాఖ అనుమతి లేకుండా కార్పొరేషన్ డబ్బు పెట్టలేదు. ఇది తెలియక "వీళ్లకి మా మీద కక్ష" అని తిట్టుకుంటూ ఏళ్లు గడిపేసినవాళ్లు ఉన్నారు.

పార్కు జాగా సంగతి ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. ఆమోదం పొందిన లేఅవుట్‌లో పది శాతం జాగా ఖాళీగా వదిలి, రిజిస్టరు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) ద్వారా స్థానిక సంస్థకి అప్పగించాలన్నది నిబంధన. పాత లేఅవుట్లలో ప్లాను మీద "పార్కు" అని రాసి ఉంటుంది గానీ గిఫ్ట్ డీడ్ రాసి ఉండరు. ఇంకొన్నిచోట్ల ఆ ముక్కని కూడా ప్లాట్లు వేసి అమ్మేసి ఉంటారు. మీరు చేయాల్సింది:

టౌన్‌ప్లానింగ్ సెక్షన్‌లో లేఅవుట్ నంబరు చెప్పి ప్లాను నకలు అడగండి. మీ దగ్గర నంబరు లేకపోతే వీధిలో ఎవరో ఒకరి ఇంటి ప్లాను ఆమోదంలోనో, బ్యాంకు లోను కాగితాల్లోనో ఉంటుంది. తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ సర్వే నంబరుకి ఈసీ (ఆ జాగా మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి. కార్పొరేషన్ పేరు మీద గిఫ్ట్ డీడ్ కనిపిస్తే ఇక నిశ్చింత. ఎవరిదో ప్రైవేటు పేరు కనిపిస్తే పార్కు మాట పక్కన పెట్టి ముందు ఆక్రమణ మీద ఫిర్యాదు ఇవ్వాలి, అది వేరే యుద్ధం.

గిఫ్ట్ డీడూ లేదు, అమ్మకమూ లేదు అన్న పరిస్థితి ఉంటే, లేఅవుట్ వేసిన ఆయన బతికుండగానే ఆయన చేత రాయించేయండి. వారసుల దాకా వెళ్తే ఒక్క సంతకం పది సంతకాలవుతుంది.

3. పద్దు ఏదో మీరే చెప్పండి

"నిధులు లేవు" అన్న జవాబు వచ్చినప్పుడు చాలామంది వెనక్కి వచ్చేస్తారు. నిధులు ఒకే గుట్టగా ఉండవు, దేనికది వేరే పద్దు, ఒక పద్దులో డబ్బు ఇంకో పనికి వాడకూడదు. మీ పని ఏ పద్దుకి సరిపోతుందో ముందే చూసుకుని వెళ్తే మాట తీరే మారిపోతుంది.

సాధారణ నిధులు: ఇంటిపన్ను, ఖాళీ స్థలాల పన్ను, ప్లాన్ ఫీజులు, షాపుల అద్దెలు. రోడ్డు, కాలువ, కల్వర్టు ఏదైనా ఇందులోంచి చేయొచ్చు గానీ అందరి కళ్లూ దీని మీదే ఉంటాయి.

ఆర్థిక సంఘం నిధులు: 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి మనలాంటి పట్టణాలకి ఇచ్చిన గ్రాంటులో 60 శాతానికి ముడి పెట్టింది. అందులో సగం తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగానికి, మిగతా సగం పారిశుద్ధ్యం, చెత్త నిర్వహణకి. తక్కిన 40 శాతం స్థానిక అవసరాలకి వాడుకోవచ్చని, జీతాలకి మాత్రం వాడకూడదని చెప్పింది. ఇందులో మీకు పనికొచ్చే కిటుకు ఏమిటంటే, పార్కు జాగాలో ఇంకుడు గుంత, వాననీటి నిల్వ ఏర్పాటు కూడా కలిపితే ఆ భాగం వరకు ముడి ఉన్న పద్దులోకి వెళ్లే దారి దొరుకుతుంది. 2026 ఏప్రిల్‌తో 16వ ఆర్థిక సంఘం కాలం మొదలు కాబట్టి అర్జీ రాసేముందు అకౌంట్స్ సెక్షన్‌లో ఇప్పటి షరతులు అడిగి రాసుకోండి, పాత శాతాలు కొత్త అర్జీలో పెట్టకండి.

ఎంపీ నిధులు: ఒక్కో ఎంపీకి ఏడాదికి ఐదు కోట్లు. జనానికి ఉపయోగపడే, శాశ్వతంగా నిలిచే కట్టడాలకే ఇస్తారు. ఎంపీ సిఫార్సు చేస్తారంతే, మంజూరు జిల్లా యంత్రాంగం నుంచి వస్తుంది. ఎస్సీలు ఉండే ప్రాంతాలకి 15 శాతం, ఎస్టీలు ఉండే ప్రాంతాలకి 7.5 శాతం సిఫార్సు చేయాలన్న నిబంధన ఉంది. మీ పేట అందులోకి వస్తే అర్జీ మొదటి పేరాలోనే రాయండి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత నిధులు): కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1000 కోట్లు, లాభం 5 కోట్లు, ఈ మూడింట్లో ఏది దాటినా గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక పనులకి పెట్టాలి, తాము ఉన్న చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. పైడిభీమవరం వైపు మందుల కంపెనీలు ఉన్నాయి కదా, రణస్థలం దగ్గరి వాళ్లకి ఇది అందుబాటులో ఉన్న దారి. మీ సంఘం నేరుగా డబ్బు తీసుకోవాలంటే ఆదాయపన్ను శాఖ దగ్గర 12ఎ, 80జి, కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్లు కావాలి. అంత తతంగం మీ వల్ల కాకపోతే కంపెనీనే పని చేసి కార్పొరేషన్‌కి అప్పగించమని అడగండి, వాళ్లకీ బోర్డు పెట్టుకోడానికి అదే ఇష్టం.

అమృత్: పట్టణాల్లో నీళ్లు, మురుగునీటి సదుపాయాల కోసం 2015లో మొదలైన ఈ కేంద్ర పథకంలో విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి, పార్కులకి విడిగా భాగం ఉండేది. రెండో విడత 2021లో మొదలైంది. ఇది వీధి స్థాయి అర్జీకి అందేది కాదు, నగర ప్రణాళికలో చేరితేనే వస్తుంది. తెలిసి ఉంటే చాలు.

4. కింది వీధి వాళ్లతో మాట్లాడండి

కాలువ పని అయితే ఈ అంచె దాటేయడానికి వీల్లేదు. మీ వీధి నీళ్లు ఎక్కడికి పోవాలి? కింది వీధిలోంచే. పైనుంచి కొత్త కాలువ వస్తోందనగానే కింది వాళ్లకి తమ గుమ్మాల్లోకి నీళ్లు వచ్చినట్టే కనిపిస్తుంది, పొక్లెయిన్ వచ్చిన రోజు అడ్డంగా నిలబడతారు, పని ఆగిపోతుంది, కాంట్రాక్టరు సామాను ఎత్తుకుని ఇంకో చోటికి పోతాడు. ఆయన్ని మళ్లీ రప్పించడం కంటే కొత్త టెండరు పిలిపించడమే సులువు. ఇదంతా మీరు కోరుకున్న కాలువ వల్లే.

కాబట్టి వాన పడే రోజున గొడుగేసుకుని నీళ్ల వెంబడి చివరిదాకా నడవండి. ఎక్కడ పెద్ద కాలువలో కలుస్తుందో, మధ్యలో ఎక్కడ పూడుకుపోయిందో, ఏ ఇంటి మెట్లు కాలువ మీదికి వచ్చాయో రాసుకోండి. కింది వీధి పెద్దల్ని కూర్చోబెట్టి, వాళ్ల కాలువ పూడిక తీయించడం కూడా అదే అర్జీలో కలుపుతామని చెప్పి వాళ్ల సంతకాలు తీసుకోండి. ఒక అర్జీకి ఒకే పని అని పైన చెప్పాను గానీ ఇది వేరే పని కింద రాదు, నీటిదారి ఒకటే.

మెట్లు, ర్యాంపులు కొట్టాల్సిన ఇళ్ల వాళ్లు సంతకం పెట్టనంటే వాళ్ల సంతకం లేకుండానే వెళ్లండి, కానీ ఆ సంగతి ఏఈకి నోటితో ముందే చెప్పండి. దాచి, తర్వాత బయటపడితే మీ మీద నమ్మకం పోతుంది.

5. అర్జీ రాయండి

ఒక పేజీ దాటకూడదు. నమూనా ఇస్తున్నాను, మీ వివరాలు పెట్టుకోండి:

*గౌరవనీయులైన కమిషనర్ గారికి,*
*విషయం: ఫలానా డివిజన్, ఫలానా వీధిలో సిమెంటు కాలువ నిర్మాణం గురించి.*
*మా వీధిలో 64 ఇళ్లు ఉన్నాయి. ఫలానా డోరు నంబరు నుంచి ఫలానా కల్వర్టు వరకు సుమారు 120 మీటర్ల పొడవున కాలువ లేదు. వాన పడితే నీరు ఇళ్లలోకి వస్తోంది, ఫొటోలు జతచేశాం. ఈ రోడ్డు కార్పొరేషన్‌దే. నీరు కలిసే కింది వీధి వారి సమ్మతి సంతకాలు జతచేశాం. ఈ పనిని వచ్చే ఆర్థిక సంవత్సరం బడ్జెట్‌లో చేర్చి, ఎస్టిమేటు తయారుచేయించవలసిందిగా కోరుతున్నాం. పని పూర్తయ్యాక కాలువలో చెత్త వేయకుండా చూసే బాధ్యత మా వీధి కమిటీ తీసుకుంటుంది.*
*జతపరచినవి: సంతకాల జాబితా, ఫొటోలు, చేతితో గీసిన పటం.*

ఇందులో "ఎస్టిమేటు తయారుచేయించండి" అన్న మాట ముఖ్యం. "సమస్య పరిష్కరించండి" అని రాస్తే పూడిక తీసి ఫొటో పెట్టి పరిష్కరించామంటారు. ఎంత ఖర్చవుతుందో మీరు రాయకండి, అది ప్రభుత్వ రేట్ల పట్టిక ప్రకారం ఇంజినీర్లు వేస్తారు.

6. ఎప్పుడు, ఎక్కడ ఇవ్వాలి

ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాదికి బడ్జెట్ అంచనాలు అంతకుముందు చలికాలంలోనే తయారవుతాయి. మార్చిలో వెళ్లి బడ్జెట్‌లో పెట్టండి అంటే అప్పటికే ముద్రణకి వెళ్లి ఉంటుంది. విజయనగరంలో అయితే సిరిమానోత్సవం అయ్యేదాకా ఆఫీసు మొత్తం ఆ ఏర్పాట్లలోనే మునిగి ఉంటుంది, మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. దసరా తర్వాతి మంగళవారం ఆ సంబరం అయిపోయాక, సంక్రాంతి లోపు ఇచ్చేయండి. శ్రీకాకుళం వాళ్లు అరసవల్లి రథసప్తమి హడావుడి మొదలవకముందే ముగించుకోవాలి. ఎన్నికల కోడ్ ఉంటే కొత్త పనులేవీ మంజూరు కావు, ఆ రోజుల్లో తిరగడం దండగ.

అర్జీ మూడు నకళ్లు తీయండి. ఒకటి ఇన్‌వర్డ్‌లో ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, నంబరు, తేదీ వేయించుకోండి. మూడోది వార్డు సచివాలయంలో. కార్పొరేటరు ఉంటే ఆయనకీ ఒకటి ఇవ్వండి, వేరే పార్టీ అయినా సరే, కౌన్సిల్ సమావేశంలో ఎజెండా మీద మాట్లాడేది ఆయనే. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం గడువు తీరాక ఏళ్ల తరబడి ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. అలా పాలకవర్గం లేని కాలంలో తీర్మానాలు ప్రత్యేకాధికారి సంతకంతోనే అవుతాయి కాబట్టి మీ అర్జీ అక్కడికి చేరాలి. మీరు వెళ్లే నాటికి మీ ఊళ్లో ఏది నడుస్తోందో చూసుకుని వెళ్లండి.

సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్‌కి (ప్రజా సమస్యల పరిష్కార వేదికకి) నేరుగా వెళ్లిపోవడం కొందరికి అలవాటు. అక్కడ ఇచ్చినా అది తిరిగి కార్పొరేషన్‌కే వస్తుంది. ముందు కార్పొరేషన్‌లో ఇచ్చి, నెల దాటినా కదలిక లేకపోతే ఆ ఇన్‌వర్డ్ నంబరు చూపించి అక్కడ ఇవ్వండి, అప్పుడు దానికి బలం ఉంటుంది.

7. ఫైలు ఎక్కడుందో అడగడం

"మా పని ఏమైంది?" అని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు. అలా అడగొద్దు. పని వరుసగా ఈ మెట్లు ఎక్కుతుంది: ఏఈ వచ్చి కొలవడం, ఎస్టిమేటు, తీర్మానం, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు, పని. "ఎస్టిమేటు అయిందా? తీర్మానం నంబరెంత?" అని అడగండి. నంబరు చెప్పారంటే ఆ మెట్టు దాటినట్టు. చెప్పలేకపోతే దాటనట్టు. చెక్ చేసుకోడానికి ఇంతకంటే సులువైన దారి లేదు.

శంకుస్థాపన రాయి పడగానే పని వచ్చేసినట్టు సంబరపడొద్దు. అగ్రిమెంటు అయిందా లేదా అన్నదే లెక్క. కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు దిగి, ఆ రాయి చుట్టూ గడ్డి మొలిచిన వీధులు మన రెండు జిల్లాల్లో ఎన్ని లేవు!

టెండరు పిలిచినా ఎవరూ రాకపోవచ్చు. పాత బిల్లులు రాని కాంట్రాక్టర్లు చిన్న పనులకి ముందుకు రారు, ఇది అందరికీ తెలిసిన సంగతే. అలాంటప్పుడు పక్క వీధి పనితో కలిపి ఒకే ప్యాకేజీగా పిలవమని అడగండి. పని కాస్త పెద్దదైతే వచ్చేవాళ్లు ఉంటారు.

నోటితో అడిగి విసిగిపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కార్పొరేషన్‌కి ఫీజు 10 రూపాయలు, తెల్లరేషన్ కార్డు లాంటి పేదరిక ధ్రువీకరణ ఉన్నవాళ్లకి అదీ ఉండదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు చేయలేదు" అని అడగకండి, ఆ ప్రశ్నకి సమాచారం ఉండదు. "ఫలానా ఇన్‌వర్డ్ నంబరు అర్జీ మీద నేటివరకు రాసిన నోట్‌ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి. నోట్‌ఫైలు అంటే మీ అర్జీ మీద అధికారులు వరుసగా రాసిన రాతలు.

8. మన వాటా ఇవ్వాలా?

తప్పనిసరి కాదు. అయితే వీధి వాళ్లు కొంత వేసుకుంటామంటే ఫైలు తొందరగా కదలొచ్చు, ముఖ్యంగా పార్కు బెంచీలు, మొక్కలు, గేటు లాంటివాటికి. 1997లో జన్మభూమి మొదలైనప్పటి రోజులు గుర్తున్నవాళ్లకి ఈ వాటా, శ్రమదానం కొత్త కాదు. డబ్బు లేని వీధులు శ్రమ ఇవ్వొచ్చు. ఇప్పుడు నెలకోసారి మూడో శనివారం స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉంది, ఆ రోజున పార్కు జాగా శుభ్రం చేస్తామని ముందుగా చెబితే కార్పొరేషన్ బండి, మనుషులు దొరికే అవకాశం ఎక్కువ.

హెచ్చరిక: వాటా డబ్బు ఎవరి చేతికీ నగదుగా ఇవ్వకండి. కాంట్రాక్టరుకి అసలే వద్దు. కార్పొరేషన్ ఖాతాకి కట్టి, పని పేరు రాసిన రసీదు తీసుకోండి. లేదంటే మీ వాటాతో కొనేవి మీరే కొని, వీధి పుస్తకంలో బిల్లులు అంటించండి. "మంజూరు చేయిస్తాను, పైఖర్చులు ఉంటాయి" అని ఎవరైనా ఇంటికి వస్తే టీ ఇచ్చి పంపేయండి.

9. పని జరుగుతున్నప్పుడు ఏం చూడాలి

ముందే ఎస్టిమేటు నకలు సంపాదించండి. అది లేకుండా కాంట్రాక్టరుతో వాదిస్తే "ఎస్టిమేటులో అంతే ఉంది" అంటాడు, మీ దగ్గర జవాబుండదు. సమాచార హక్కు చట్టం ప్రకారం పనిని తనిఖీ చేసే హక్కు, వాడే సామగ్రి నమూనాలు తీసుకునే హక్కు కూడా మనకున్నాయి. చాలామందికి ఈ సంగతి తెలియదు.

కాలువ: గోడలు కట్టేలోపే అడుగు వాలు చూడండి. మేస్త్రీల దగ్గర ఉండే నీళ్ల గొట్టంతో రెండు చివర్లూ పట్టి చూస్తే తెలిసిపోతుంది. పని అయ్యాక పై చివర బకెట్లతో నీళ్లు పోయండి, మధ్యలో ఎక్కడా నిలవకుండా కిందికి చేరాలి. నిలిచిందంటే దోమలకి ఇల్లు కట్టించినట్టే, అక్కడే ఆపించండి.

సీసీ రోడ్డు: అంచు పక్కన మట్టి కప్పేయకముందే మందం కొలవండి. మట్టి కప్పాక కొలవడం కుదరదు. పోసిన తర్వాత రెండు వారాలు తడి ఆరకుండా ఉంచాలి, గోనెసంచులో గట్లో కట్టి నీళ్లు పెట్టాలి. ఈ పని దగ్గరే అందరూ బద్ధకిస్తారు, కాంట్రాక్టరు మనుషులు రెండు రోజులు పోసి మాయమవుతారు. వీధి వాళ్లు వంతులేసుకుని పోసుకోండి, మన రోడ్డే కదా. ఆ రోజుల్లో బండ్లు రానివ్వకండి, ముఖ్యంగా మీ సొంత బండ్లు.

పార్కు: మొదట ప్రహరీ, తర్వాత నీటి సదుపాయం, ఆ తర్వాతే మొక్కలు. మొక్కలు ముందు నాటించి, నీళ్లు లేక మే నెలలో ఎండబెట్టిన పార్కులు చూస్తూనే ఉన్నాం.

పని అయ్యాక ఎం-బుక్‌లో (ఇంజినీర్ల కొలతల పుస్తకంలో) రాసిన కొలతలు అడిగి, టేపు పెట్టి సరిచూసుకోండి. బిల్లు పెట్టేది ఆ కొలతల మీదే. తేడా ఉంటే బిల్లు వెళ్లకముందే రాతపూర్వకంగా ఇవ్వండి, చెల్లింపు అయ్యాక ఇస్తే ఎవరూ వినరు.

10. అయిన పనిని నిలబెట్టుకోవడం

పార్కుకి తాళం ఎవరి దగ్గర, కరెంటు బిల్లు ఎవరు కడతారు, మోటారు పాడైతే ఎవరికి ఫోను చేయాలి, ఈ మూడూ ప్రారంభోత్సవానికి ముందే కార్పొరేషన్‌తో కాగితం మీద రాసుకోండి. "మేమే చూసుకుంటాం" అని ఉత్సాహంలో అన్నీ నెత్తిన వేసుకోకండి. తాళం, ఊడ్పు వీధి కమిటీకి, కరెంటు, మరమ్మతులు కార్పొరేషన్‌కి అన్నట్టు పంచుకుంటే ఎక్కువకాలం నడుస్తుంది. వార్డులో ఎవరైనా పార్కుని పెళ్లిళ్లకి వాడుకోవచ్చా అన్న గొడవ కూడా తప్పకుండా వస్తుంది, దాని సంగతీ అప్పుడే తేల్చుకోండి.

అగ్రిమెంటులో లోపాల బాధ్యత కాలం అని ఒకటి ఉంటుంది, ఆ గడువులో పగుళ్లు వచ్చినా, కాలువ కుంగినా కాంట్రాక్టరే తన ఖర్చుతో బాగుచేయాలి. ఆయన డిపాజిట్ కొంత అప్పటిదాకా కార్పొరేషన్ దగ్గరే ఉంటుంది. గడువు ముగిసే తేదీ అగ్రిమెంటు నకలులో చూసి వీధి పుస్తకం మొదటి పేజీలో రాసిపెట్టుకోండి. దానికి రెండు నెలల ముందు ఇద్దరు ముగ్గురు కలిసి ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచి, పగిలిన ప్రతిచోటా ఫొటో తీసి, డోరు నంబరుతో జాబితా రాసి ఏఈకి ఇవ్వండి. నకలు మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవడం మర్చిపోవద్దు, డిపాజిట్ వెనక్కి ఇచ్చేశాక ఆ జాబితాతో ఎవరి దగ్గరికి వెళ్లినా లాభం లేదు.